అమెరికాలో మారుమూల చిన్న ఊళ్ళు ఎలా ఉంటాయి? అక్కడ ఉన్నవాళ్ళెవరైనా చెబుతారా?

అమెరికా అంటే అందరూ డల్లాస్, న్యూజెర్సీ గురించే చెబుతారు, చిన్న ఊళ్ళ సంగతి ఎవరూ చెప్పరు. నేను ఎమ్మెస్ చేసింది అలాంటి ఊళ్ళోనే. పేరు మేరీవిల్. మిస్సోరి రాష్ట్రానికి వాయవ్య మూలన, ఆయోవా సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. జనాభా పది వేల పైచిలుకు. దగ్గర్లో పెద్ద నగరం అంటే కాన్సస్ సిటీనే, కారులో గంటన్నర ప్రయాణం.

ముందుగా ఒక విషయం చెప్పాలి. మన దగ్గర ఊరంటే ఇళ్ళన్నీ ఒకచోట ఉంటాయి, చుట్టూ పొలాలు. రైతు పొద్దున పొలానికి వెళ్ళి చీకటి పడేసరికి ఊళ్ళోకి వస్తాడు. అక్కడ రైతు ఊళ్ళో ఉండడు. తన పొలం మధ్యలోనే ఇల్లు కట్టుకుని ఉంటాడు. పక్కింటికి వెళ్ళాలంటే అరమైలో, మైలో వెళ్ళాలి. దీనికి ఒక కారణం 1785లో చేసిన భూముల సర్వే చట్టం. నేలనంతా మైలు పొడవు, మైలు వెడల్పు చదరాలుగా కొలిచారు. ఒక్కో చదరం 640 ఎకరాలు, దాన్ని సెక్షన్ అంటారు. రోడ్లు చాలావరకు ఆ గీతల వెంటే వేశారు. విమానంలోంచి చూస్తే గళ్ళ దుప్పటి పరిచినట్టు ఉంటుంది. ఈ మూల అసలు మొదట మిస్సోరిలోనే లేదు. 1836లో అక్కడి ఆదివాసీ తెగల దగ్గర 7,500 డాలర్లకు తీసుకుని రాష్ట్రంలో కలిపారు. ఆ లెక్క చదివినప్పుడు నాకు మన దగ్గర ప్రాజెక్టుల కింద పోయిన భూముల నష్టపరిహారాలు గుర్తొచ్చాయి.

ఊళ్ళో ఉండేది టీచర్లు, నర్సులు, ఫ్యాక్టరీ కార్మికులు, కోర్టు ఉద్యోగులు, ప్రొఫెసర్లు, మాలాంటి స్టూడెంట్లు. ఊరికి నడిబొడ్డున 1880లలో కట్టిన ఎర్ర ఇటుకల కోర్టు ఉంది, దాని నాలుగు వైపులా కొట్లు. నోడవే కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇదే కేంద్రం. 1845లో ఊరు కట్టినప్పుడు కౌంటీ క్లర్కు భార్య మేరీ గ్రాహమ్ పేరు పెట్టారు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు రాసిన డేల్ కార్నెగీ 1888లో పుట్టింది ఈ ఊరి దగ్గరే.

రైతుల సంగతి నాకు దగ్గరగా తెలిసింది డైనింగ్ హాల్ వల్ల. క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలు పనిచేయొచ్చు కాబట్టి నేను అక్కడ గిన్నెలు కడిగేవాణ్ణి. మా సూపర్‌వైజర్ ఆవిడ భర్త రైతు. ఒక అక్టోబర్ శనివారం ఆవిడే నన్ను పొలానికి తీసుకెళ్ళి, ఆయన నడుపుతున్న కంబైన్‌లోకి ఎక్కించింది. మన వరి కోత మిషన్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. క్యాబిన్‌లో ఏసీ, ఆయన సీటు పక్కన ఇంకో చిన్న సీటు. సాలు మొదట్లో ఒక బటన్ నొక్కి ఆయన స్టీరింగ్ వదిలేశాడు, జీపీఎస్‌తో అదే నడుస్తోంది. ముందున్న స్క్రీన్ మీద ఎకరానికి ఎన్ని బుషెల్స్ వస్తున్నాయో అంకె మారుతూ ఉంది. పల్లంలో 200 దాటుతుంది, మెరక వచ్చేసరికి 140కి పడిపోతుంది. బుషెల్ అంటే 56 పౌండ్లు, అంటే సుమారు పాతిక కిలోల మొక్కజొన్న గింజలు. ఇంకో ట్రాక్టర్ బండి పక్కనే అదే స్పీడులో వస్తుంటే, ఆగకుండానే గింజలు దాంట్లోకి కుమ్మరించేశాడు. చివరి సాళ్ళు కోసేటప్పుడు లోపల దాక్కున్న జింకలు రెండు బయటికి దూకి పరుగు తీశాయి. ఆయన మాత్రం ఫోన్‌లో షికాగో ధాన్యం మార్కెట్ రేటు చూసుకుంటున్నాడు.

మీ నాన్నకు ఎంత పొలం ఉంది అని అడిగాడు. మూడెకరాలు అన్నాను. ఆయన చేసేది కొన్ని వందల ఎకరాలు, కొంత సొంతం, కొంత కౌలు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు, ఏడాదికి ఎన్ని పంటలు అని అడిగాడు. నీళ్ళుంటే రెండు అనగానే కంబైన్ ఆపినంత పని చేశాడు. వాళ్ళకు మంచు వల్ల ఏడాదికి ఒక్కటే, ఒక ఏడాది మొక్కజొన్న, మరుసటి ఏడాది సోయా. మైళ్ళకొద్దీ పొత్తులు కనిపిస్తాయి కానీ కాల్చుకు తినడానికి పనికిరావు. ఎక్కువ భాగం పశువుల దాణాకి, ఇథనాల్‌కి పోతుంది.

దిగేటప్పుడు ఆవిడ నవ్వుతూ ఒక మాట చెప్పింది. డైనింగ్ హాల్లో ఆవిడ ఉద్యోగం చేసేది ప్రధానంగా జీతం కోసం కాదట, కుటుంబానికి హెల్త్ ఇన్సూరెన్స్ కోసమట. అంత పొలం, అంత పెద్ద మిషన్ (దాని మీద బ్యాంకు లోను) ఉండి కూడా ఆసుపత్రి ఖర్చుకు యూనివర్సిటీ ఉద్యోగమే దిక్కు. తర్వాత గమనిస్తే చాలా రైతు కుటుంబాల్లో ఇదే వరస. భార్య స్కూల్లోనో, ఆసుపత్రిలోనో, ఫ్యాక్టరీలోనో చేస్తుంది. పొలాల వల్ల ఊరు బతుకుతోంది అనుకుంటాం కానీ, నాకు కనిపించినంతలో ఊళ్ళో ఉద్యోగాలే పొలాలను నిలబెడుతున్నాయి.

ఆ ఉద్యోగాల్లో పెద్ద వాటా యూనివర్సిటీదే. నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ యూనివర్సిటీ, టీచర్ల శిక్షణ కాలేజీగా 1905లో మొదలైంది. 1987లోనే హాస్టల్ గదుల్లో కంప్యూటర్లు పెట్టి, ఆ పని చేసిన మొదటి ప్రభుత్వ యూనివర్సిటీ అనిపించుకుంది. ఇంకోవైపు కవాసాకి వాళ్ళ ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది, 1989 నుంచి. ఊరి క్యాలెండర్ కూడా యూనివర్సిటీదే. మే నెలలో పిల్లలు వెళ్ళిపోగానే సగం హోటళ్ళు వేళలు తగ్గించేస్తాయి. శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే పాల ప్యాకెట్‌కి వచ్చిన ముసలావిడ కూడా టీమ్ రంగు ఆకుపచ్చ చొక్కాలోనే ఉంటుంది. యూనివర్సిటీ టీమ్ బేర్‌క్యాట్స్, కాలేజీ పోటీల రెండో శ్రేణి అయిన డివిజన్ టూలో ఆరుసార్లు జాతీయ విజేతలు. ఆ ఆట రూల్స్ నాకు ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు, అరవడం మాత్రం వచ్చింది.

ఇక మనవాళ్ళ సంగతి. నేను వెళ్ళేసరికే కంప్యూటర్స్ క్లాసులో సగానికి పైగా తెలుగువాళ్ళు. క్లాసు బయట ఇంగ్లీషు మాట్లాడాల్సిన పనే పడేది కాదు, అది మంచిది కాదు కూడా. గోంగూర, కరివేపాకు, సోనా మసూరి కావాలంటే కాన్సస్ సిటీ అవతలి ఓవర్‌ల్యాండ్ పార్క్ దాకా వెళ్ళాలి. కారున్న సీనియర్‌కి పెట్రోలు డబ్బులు పంచుకుని ఇచ్చి, నెలకో రెండు నెలలకో ఒకసారి ట్రిప్ వేసేవాళ్ళం. వచ్చేటప్పుడు ఒళ్ళో కూడా బియ్యం బస్తాలే. కరివేపాకు ఫ్రీజర్లో పెట్టుకుని రెబ్బలు లెక్కేసి వాడేవాళ్ళం.

జనం మంచివాళ్ళు. మట్టి రోడ్డు మీద ఎదురొచ్చిన ప్రతి పికప్‌లోనూ డ్రైవరు స్టీరింగ్ మీద చెయ్యి తియ్యకుండా ఒక్క వేలు పైకెత్తి పలకరిస్తాడు. చర్చి వాళ్ళు ఉచితంగా సోఫాలు, మంచాలు తెచ్చి ఇస్తారు, తర్వాత ఆదివారం రమ్మని పిలుస్తారు. రానంటే ఏమీ అనుకోరు. కానీ అందరూ అందరికీ తెలుసు. మీరు సోమవారం ఏ రోడ్డులో కారు ఆపి ఫోన్ మాట్లాడారో బుధవారం ఎవరో ఒకరు అడుగుతారు.

ఊళ్ళో ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. 1931 జనవరిలో హత్యానేరం మోపిన రేమండ్ గన్ అనే నల్లజాతి యువకుణ్ణి, కోర్టు విచారణ జరగకముందే జనం లాక్కెళ్ళి, ఊరి బయట బడి కప్పు మీద కట్టేసి సజీవంగా తగలబెట్టారు. చూడడానికి వేల మంది వచ్చారు. నేషనల్ గార్డు (రాష్ట్ర సైనిక దళం) దగ్గర్లోనే సిద్ధంగా ఉన్నా షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) పిలవలేదు. ఆ తర్వాత ఊళ్ళో ఉన్న నల్లజాతి కుటుంబాలు చాలావరకు వెళ్ళిపోయాయి. నాకిది తెలిసింది లైబ్రరీలో. నాకు అక్కడ ఎవరూ చెడు చేయలేదు, అయినా ఊరి గురించి చెప్పేటప్పుడు దీన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు.

మీరు చదువు కోసమే అడుగుతుంటే: అద్దెలు నగరాల్లోకంటే బాగా తక్కువ, చలి మాత్రం ఎక్కువ. జనవరిలో గాలితో కలిపి మైనస్ ఇరవై సెల్సియస్ దాకా పోతుంది, జాకెట్ ఇండియాలో కొనకండి, అక్కడే కొనుక్కోండి. వేసవి మొదట్లో టోర్నడో సైరన్ మోగితే వీడియో తీయడానికి బయటికి రాకుండా బేస్‌మెంట్‌లోకి వెళ్ళండి. డ్రైవింగ్ లైసెన్సు మొదటి సెమిస్టర్‌లోనే తీసుకోండి. ఐటీ ఉద్యోగాలు ఊళ్ళో దాదాపు లేవు. ఇంటర్న్‌షిప్ కోసం రెండో సెమిస్టర్ నుంచే కాన్సస్ సిటీ, ఒమాహా నగరాల్లోని కంపెనీలకు అప్లై చేస్తూ ఉండాలి. మా బ్యాచ్‌లో చదువయ్యాక మేరీవిల్‌లోనే ఉండిపోయినవాడు నాకు తెలిసి ఒక్కడే, యూనివర్సిటీ ఐటీ విభాగంలో చేరాడు. ఇల్లు కూడా కొన్నాడు, డల్లాస్‌లో మాకు అపార్ట్‌మెంట్ కూడా రాని డబ్బుకి.