గనుల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడే పనిలోకి మా అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) టన్నెల్ ప్రమాదాన్ని టీవీలో చూసినప్పటి నుంచి మైన్స్ రెస్క్యూలోకే వెళ్తానని పట్టుబడుతోంది. దానికి కోర్సు ఉందా? ఆడపిల్లకు ఆ పని కుదురుతుందా? నాకైతే చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇంటర్ అవగానే చేరడానికి మైన్స్ రెస్క్యూ అని విడిగా డిగ్రీ లేదు. ముందు మైనింగ్ చదివి గనిలో ఉద్యోగం తెచ్చుకోవాలి. అక్కడ ముందుకొచ్చినవాళ్లకు మెడికల్ టెస్టులు చేసి, ఫస్ట్ ఎయిడ్ వచ్చో లేదో చూసి రెస్క్యూ శిక్షణ ఇస్తారు. శిక్షణ అయ్యాక కూడా చాలామంది తమ మామూలు డ్యూటీలోనే ఉంటారు. కబురొస్తే కిట్ తగిలించుకుని బయల్దేరతారు. సింగరేణికి రామగుండంలో రెస్క్యూ స్టేషన్ ఉంది. మీ అమ్మాయి టీవీలో చూసినవాళ్లలో సింగరేణి బృందాలూ ఉన్నాయి.

ముందు మైనింగే ఎందుకు చదవాలని అడిగితే మహావీర్ గని సంగతి చెప్పండి. 1989 నవంబర్ 13న పశ్చిమ బెంగాల్‌లోని రాణిగంజ్ దగ్గర ఆ బొగ్గు గనిని నీళ్లు ముంచెత్తాయి. ఆరుగురు చనిపోయారు. 65 మంది లోపలే చిక్కుకుపోయారు. కోల్ ఇండియా ఇంజనీర్ జస్వంత్ సింగ్ గిల్ పైనుంచి వెడల్పాటి బోరు వేయించి, ఒక్క మనిషి నిలబడేంత స్టీలు క్యాప్సూల్ తయారు చేయించి, అందులో తానే కిందికి దిగారు. ఒక్కొక్కరినీ పైకి పంపి, 65 మందీ బయటపడ్డాక చివరగా తాను వచ్చారు. ఆయన ధన్‌బాద్‌లో మైనింగ్ చదివిన మనిషి. బోరు ఎక్కడ వేస్తే వాళ్లున్న చోటికి చేరుతుందో తెలియాలంటే గని ప్లాన్ చదవడం రావాలి, సర్వే తెలియాలి. 2010లో చిలీలోని శాన్ హోసే గనిలో దాదాపు 700 మీటర్ల లోతున 33 మంది చిక్కుకున్నప్పుడు ఎన్నో బోర్లు గురి తప్పాయి. 17వ రోజున ఒకటి తగిలింది. 33 మందీ క్షేమమని రాసిన చీటీ డ్రిల్లుకు కట్టి ఉండి పైకొచ్చింది. వాళ్లు బయటికి రావడానికి మొత్తం 69 రోజులు పట్టింది.

ఇక రెస్క్యూ శిక్షణ ఎలా ఉంటుందో చెప్తాను. పొగ, వేడి నింపిన గ్యాలరీలో (గని సొరంగంలాంటి శిక్షణ గదిలో) సుమారు 15 కిలోల శ్వాస పరికరం వీపున మోస్తూ, స్ట్రెచర్ పట్టుకుని వంగి నడవాలి. మనం వదిలిన గాలినే శుభ్రం చేసి, ఆక్సిజన్ కలిపి మళ్లీ అందించే పరికరం అది. నాలుగు గంటల దాకా పనిచేస్తుంది. టీమ్‌లో ఒక్కరి పరికరం మొరాయించినా అందరూ వెనక్కి రావాల్సిందే, అవతల ప్రాణాలతో మనిషి ఉన్నాడని తెలిసినా సరే. ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదేనని నాకనిపిస్తుంది.

ప్రతిసారీ మహావీర్‌లా జరగదు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఎస్‌ఎల్‌బీసీలో 2025 ఫిబ్రవరి 22న ఎనిమిది మంది చిక్కుకుంటే, బురద, ఊట నీటి మధ్య సొరంగం తవ్వే మెషిన్ ముక్కలు కోసుకుంటూ వారాల తరబడి వెతికినా ఇద్దరి మృతదేహాలే దొరికాయి. మనిషిని కాపాడాలని వెళ్లి శవంతో తిరిగి రావాల్సి వస్తుంది. ఈ మాట మీ అమ్మాయితో దాచకుండా మాట్లాడండి. అది విన్నాక కూడా అదే కావాలంటే అడ్డు చెప్పొద్దనే నా సలహా.

ఆడపిల్ల అన్న భయం గురించి: 2019 దాకా మహిళలకు అండర్‌గ్రౌండ్ పని నిషేధం. ఆ ఏడాది కేంద్రం టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనులకు పగటిపూట అనుమతి ఇచ్చింది. మహిళ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, కనీసం ముగ్గురు కలిసి ఉండాలి అన్న షరతులు పెట్టింది. కాబట్టి దారి తెరుచుకుంది. అయితే రెస్క్యూ టీమ్‌లో చోటు ఏ కంపెనీలో ఎలా ఉందో ఉద్యోగం దగ్గరే తేలుతుంది. అందుకే రెస్క్యూ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకుండా, మైనింగ్ ఇంజనీరుగా బతకడం తనకు ఇష్టమేనా అని ముందు అడగండి.

ఇష్టమే అంటే, జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే ధన్‌బాద్ ఐఐటీ. మెయిన్‌తో సూరత్కల్, రూర్కెలా ఎన్‌ఐటీలు. ఎప్‌సెట్‌తో అయితే కొత్తగూడెం మైనింగ్ కాలేజీ. బీటెక్ తర్వాత అనుభవం సంపాదించి డీజీఎంఎస్ (కేంద్ర గనుల భద్రతా విభాగం) పెట్టే మేనేజర్ సర్టిఫికెట్ పరీక్షలు రాయాలి. అవి లేకుండా గనిలో పైకి ఎదగడం కష్టం. గనుల కన్నా రెస్క్యూ మీదే మనసుంటే ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) ఉంది కానీ, అందులోకి సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల నుంచి డెప్యుటేషన్‌పై వస్తారు. అది వేరే దారి.

పరీక్షలు అవగానే సెయింట్ జాన్ అంబులెన్స్‌వాళ్ల ఫస్ట్ ఎయిడ్ కోర్సులో చేర్చండి. చీకటి, ఇరుకు అంటే తనకు భయముందేమో కూడా ఇప్పుడే గమనించండి. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒకసారి కొత్తగూడెం వెళ్లి, అక్కడ ఫైనలియర్ విద్యార్థులతో మాట్లాడించండి. అండర్‌గ్రౌండ్ ట్రైనింగ్ ఎలా ఉంటుందో, ఉద్యోగాలు ఎక్కడ వస్తున్నాయో వాళ్లే చెప్తారు. మీరూ వెంట వెళ్లండి, మీ టెన్షన్‌కు సంబంధించిన ప్రశ్నలు మీరే అడగాలి.