టాంజానియా బడిలో మూడు నెలలు

ప్రశ్న: డిగ్రీ విద్యార్థినిని. టాంజానియాలో ఒక పల్లె బడిలో మూడు నెలలు వలంటీరుగా ఇంగ్లీషు చెప్పబోతున్నాను. ముందే ఏం తెలుసుకోవాలి?

జవాబు: ముందు గడియారం. అక్కడి భాష స్వాహిలీలో గంటల లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది. ఉదయం 7 వాళ్లకు 'సా మోజా', అంటే ఒకటో గంట. 'సా మ్బిలి అసుబుహి'కి, అంటే ఉదయం రెండో గంటకు రమ్మంటే ఉదయం 8కే వెళ్లాలి. ఇంగ్లీషులో 'రెండింటికి' అన్నా ఏ లెక్కో అడగండి. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే.

ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో బోధన స్వాహిలీలో, సెకండరీలో ఇంగ్లీషులో. అందుకే ఫామ్ వన్ (సెకండరీ మొదటి తరగతి) పిల్లలు ఒక్కసారిగా తడబడతారు. పీరియడుకు ఐదారు కొత్త మాటలు చాలు: బోర్డు మీద రాసి, అందరిచేత పలికించి, ఆ తర్వాతే నోట్సు. పిల్లలు 'షికమో' (పెద్దలకు పెట్టే నమస్కారం) అంటే బదులుగా 'మరహబా' అనండి. పెద్దలకు మాత్రం మీరే ముందు 'షికమో' అనాలి.

మలేరియాకు డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా 4 వారాలు రోజూ వేసుకోవాలి. ఇల్లు చేరగానే మానేస్తే కాలేయంలో దాగిన క్రిములు తర్వాత రక్తంలోకి దిగవచ్చు. మాత్ర వేసుకున్న వెంటనే పడుకోకండి, గొంతు మండుతుంది.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు పెట్టెలో పెట్టొద్దు, 2019 జూన్ నుంచి నిషేధం. మూడు చదరపు పిన్నుల అడాప్టరు మరవకండి.