కాఫీ పిప్పి మీద శిలీంధ్రాన్ని పెంచే చదువుకు దారి ఎటు?

ప్రశ్న: మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరితోట, కొంత వరి ఉన్నాయి. మా అమ్మాయి రాజమహేంద్రవరంలో బీఎస్సీ మైక్రోబయాలజీలో చేరింది. కాఫీ వ్యర్థాల మీద శిలీంధ్రాలను పెంచి పనికొచ్చే రసాయనాలు తీసే రంగంలోకి వెళ్తానంటోంది. మన వైపు కాఫీ తోటే లేదు కదా, దీన్ని నమ్ముకుంటే ఉద్యోగం దొరుకుతుందా? మైనర్‌గా, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుకు తోడుగా చదివే రెండో సబ్జెక్టుగా, కెమిస్ట్రీ కావాలని ఆమె, కంప్యూటర్ తీసుకోమని బంధువులు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, మీ అమ్మాయిని కెమిస్ట్రీయే తీసుకోనివ్వండి. మిగతా విషయాలకన్నా ముందు ఈ మాట చెబుతున్నానంటే కారణం ఉంది. ఆమె కోరుకుంటున్న పనిలో శిలీంధ్రాన్ని పెంచడం మొదటి మెట్టు మాత్రమే. అది తయారుచేసిన పదార్థాన్ని పిప్పిలోంచి బయటికి తీయడం, శుద్ధి చేయడం, ఎంత వచ్చిందో కొలవడం ఆ తరువాతి పని. ఎక్కువ ఖర్చూ, ఎక్కువ నైపుణ్యమూ అక్కడే అవసరమవుతాయి. అదంతా కెమిస్ట్రీయే.

ఈ పని ఎలా జరుగుతుందో మీరూ తెలుసుకుంటే అమ్మాయితో మాట్లాడటం సులువవుతుంది. కాఫీ పండులో మనకు కావలసింది గింజ ఒక్కటే. పండు బరువులో సుమారు 40 శాతం ఉండే తొక్కా గుజ్జూ తోట దగ్గరే మిగిలిపోతాయి. వాటిని వాగులో కలిపితే నీరు చెడిపోతుంది. గింజ వేయించి, పొడి చేసి, డికాక్షన్ తీశాక పిప్పి మిగులుతుంది. ఇన్‌స్టంట్ కాఫీ కర్మాగారాల్లో ఈ పిప్పి గుట్టలుగా పోగవుతుంది, చాలాచోట్ల దాన్ని బాయిలర్లలో మండిస్తారు. కాఫీలో క్లోరోజెనిక్ ఆమ్లం అనే పదార్థం ఉంది. ఆస్పర్‌జిల్లస్ నైగర్ వంటి శిలీంధ్రాలు విడుదల చేసే ఎంజైములు దాన్ని కెఫిక్ ఆమ్లంగానూ క్వినిక్ ఆమ్లంగానూ విడగొడతాయి. కెఫిక్ ఆమ్లం మంచి యాంటీఆక్సిడెంట్. పిప్పిలోని మానన్ అనే పిండి జాతి పదార్థాన్ని వేరే ఎంజైములు చక్కెరలుగా మారుస్తాయి. అయితే సమయానికి ఆపకపోతే, తాను విడగొట్టినదాన్ని శిలీంధ్రం తానే తినేయవచ్చు. ఏ గంటకు ఆపాలో తెలియాలంటే నమూనా తీసి పరీక్షించడం రావాలి. అమ్మాయికి కెమిస్ట్రీ ఎందుకంటే, ఇందుకే.

ఇది కొత్తగా పుట్టిన వింత కూడా కాదు. మీ వంటింట్లో ఉండే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, ఇప్పుడు నిమ్మకాయల నుంచి రావడం లేదు. 1917లో జేమ్స్ కరీ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆస్పర్‌జిల్లస్ నైగర్ చక్కెర ద్రావణంలో ఈ ఆమ్లాన్ని సమర్థంగా తయారు చేస్తుందని చూపించారు. 1919లో ఫైజర్ సంస్థ ఆ పద్ధతితో ఉత్పత్తి మొదలుపెట్టింది. నేటికీ ప్రపంచంలో తయారయ్యే సిట్రిక్ ఆమ్లంలో అత్యధిక భాగం ఈ శిలీంధ్రం నుంచే వస్తోంది.

మరి కష్టం ఎక్కడుంది? మీరు రైతు కాబట్టి మీకు వెంటనే అర్థమవుతుంది. మాసూళ్ల సమయంలో వాన పడి తడిసిన ధాన్యపు రాశిలో మోచేతి దాకా చెయ్యి దూర్చితే లోపల వేడి తగులుతుంది. తడి పిప్పి మీద శిలీంధ్రం పెరిగేటప్పుడూ అంతే జరుగుతుంది. ప్రయోగశాలలోని గాజు ఫ్లాస్కులో ఆ వేడి దానంతటదే పోతుంది, కానీ టన్నుల లెక్కన పోసిన గుట్ట నడుమ అది పోదు, శిలీంధ్రం ఉడికి చచ్చిపోతుంది. గుట్ట లోపలికి గాలి ఎలా పంపాలి, తేమ ఎంత ఉంచాలి, వేడిని ఎలా లాగాలి అన్నవి ఘనస్థితి ఫర్మెంటేషన్‌లో, అంటే ఇలా ఘనపదార్థం మీద సూక్ష్మజీవులను పెంచే పద్ధతిలో, నేటికీ గట్టి సమస్యలు. వీటిని పరిష్కరించగలవారికి మంచి విలువ ఉంటుంది.

ఇక కాఫీ తోట లేదన్న మీ బెంగ సంగతి. కాఫీ మన పక్కనే అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో పండుతోంది. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇన్‌స్టంట్ కాఫీ కర్మాగారం గుంటూరు జిల్లా దుగ్గిరాలలో ఉంది. కానీ పండ్ల కోత ఏడాదిలో కొన్ని నెలలే సాగుతుంది, తడి గుజ్జు ఒకటి రెండు రోజుల్లో పాడవుతుంది. కాబట్టి కాఫీ ఒక్కదాన్నే నమ్ముకుని ఎవరూ ఏడాది పొడవునా కర్మాగారం నడపలేరు. మీ అమ్మాయి కాఫీ మనిషిగా కాక, ఫర్మెంటేషన్ తెలిసిన మనిషిగా తయారవ్వాలి. అప్పుడు తవుడు, వరిగడ్డి, కొబ్బరి పీచు పొట్టు, అన్నీ ఆమెకు ముడిసరుకే అవుతాయి. ప్లూరోటస్ జాతి పుట్టగొడుగు శిలీంధ్రంతో పీచు పొట్టును ఎరువుగా మార్చే పద్ధతిని కాయిర్ బోర్డు ఇప్పటికే ప్రచారం చేస్తోంది. ఔషధ సంస్థల ఫర్మెంటేషన్ విభాగాలు, ఎంజైముల తయారీ, జీవ పురుగుమందులు, ఆహార పరిశ్రమ కూడా ఇదే నైపుణ్యాన్ని అడుగుతాయి. కాఫీ వ్యర్థాల మీదే ఆధారపడిన ఉద్యోగాలు మాత్రం మన దేశంలో తక్కువ. ఆ సంగతి ఆమెకు ఇప్పుడే తెలియాలి.

డిగ్రీతో ఆగిపోతే ఈ రంగంలో ఎదుగుదల ఉండదు, ఎమ్మెస్సీ తప్పనిసరి. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్, ఐఐటీలకు జామ్‌లోని బయోటెక్నాలజీ పేపరు, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం తోడ్పాటుతో నడిచే కోర్సులకు గ్యాట్-బి రాయాలి. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ (కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ), తిరువనంతపురంలోని నీస్ట్ (జాతీయ అంతర విభాగ శాస్త్ర సాంకేతిక సంస్థ) పరిశోధనకు ఆమె దృష్టిలో పెట్టుకోవలసిన సంస్థలు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే, 2023 నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం, నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది, పైగా ఇంటి అద్దె భత్యం ఉంటుంది. కంప్యూటర్ పరిజ్ఞానం వద్దని నేను అనడం లేదు, అది సెలవుల్లోనూ నేర్చుకోవచ్చు. ప్రయోగశాలలో చేత్తో చేయవలసిన కెమిస్ట్రీని తరువాత ఇంట్లో కూర్చుని నేర్చుకోలేరు.

ఒక జాగ్రత్త. ఉత్సాహం కొద్దీ ఇంట్లో ఫిల్టరు పిప్పి మీద బూజు పెంచి చూడవద్దని చెప్పండి. బూజు మొదట తెల్లని నూలుపోగుల్లా ఉంటుంది, తరువాత దాని మీద నల్లగానో పచ్చగానో పొడిలా కనిపించే బీజాలు ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. కొన్ని రకాలు ఓక్రాటాక్సిన్ వంటి విషాలనూ తయారు చేస్తాయి. ముత్యపు చిప్ప పుట్టగొడుగుల విత్తనం కొని, బాగా ఉడికించి ఆరబెట్టిన వరిగడ్డితో పెంచితే ఆ కోరికా తీరుతుంది, కూరా అవుతుంది.

ఈ సెలవుల్లో మీరిద్దరూ ఒక పూట అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి వెళ్లిరండి. కొబ్బరిని పట్టి పీడించిన సర్పిలాకార తెల్లదోమ మీద పిచికారీ చేసేందుకు ఇసారియా అనే శిలీంధ్రాన్ని అక్కడ పెంచి రైతులకు అందించారు. ముందుగా అనుమతి అడిగి, సంచుల్లో శిలీంధ్రం ఎలా పెరుగుతుందో, అందులో ఎన్ని సంచులు పాడవుతాయో, వాటిని ఎలా గుర్తిస్తారో అక్కడివారిని అడిగి రాసుకోమని ఆమెకు చెప్పండి. మైనర్ ఎంపిక ఫారం ఆ తరువాత నింపవచ్చు.