లైనుకి ఎన్ని పైసలు?

ప్రశ్న: అక్కా, మాది నర్సంపేట. బీజడ్‌సీతో డిగ్రీ చేశాను. పాపకి మూడేళ్లు, దాన్ని వదిలి కొలువుకి పోలేను. హన్మకొండలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్పిస్తామంటున్నారు. ఇంట్లోనే రోజుకి నాలుగు గంటలు చేస్తే నెలకి 25 వేలు గ్యారంటీ అట. ఫీజు 40 వేలు. నా గొలుసు కుదువ పెడదామనుకుంటున్నాం. కట్టమంటారా?
– ఒక సోదరి, నర్సంపేట

జవాబు: ముందు గొలుసు మెడలోనే ఉండనీ చెల్లె.

నేను ఈ పని 2007 నుంచి పదకొండేళ్లు చేశాను, కాజీపేటలో, రైలు పట్టాల పక్కింట్లో. అమెరికా డాక్టరు పేషెంటును చూసి రికార్డరులో చెప్పింది మనం విని టైపు చేయాలి. కాలి కింద పెడల్ ఉంటుంది, తొక్కితే మాట నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. గూడ్సు బండి పోతుంటే పెడల్ మీంచి కాలు తీసేసి కూర్చునేదాన్ని. రాత్రి రెండింటికి ఎన్ని బండ్లు పోతాయో అప్పుడే తెలిసింది.

ఇంటి నుంచి చేసేవాళ్లకి ఎక్కువగా లైను లెక్కే. స్పేసులతో కలిపి 65 అక్షరాలైతే ఒక లైను. డాక్టరు ఒక నిమిషం మాట్లాడితే పది పన్నెండు లైన్లు వస్తాయి. కొత్తలో ఆ నిమిషానికి నీకు ఎనిమిది నిమిషాలు పడుతుంది. అంటే నాలుగు గంటలకి మూడొందల పైచిలుకు లైన్లు. లైనుకి 60 పైసలు ఇచ్చారనుకో, రోజుకి 180 రూపాయలు, 25 రోజులకి 4,500. ఫీజు తిరిగి రావడానికే తొమ్మిది నెలలు! చేయి తిరిగాక, 80 పైసల చొప్పున రోజుకి 600 లైన్లు చేస్తే 12 వేలు. 25 వేలు కావాలంటే ఎనిమిది గంటలకి పైనే కూర్చోవాలి.

నా మొదటి నెల సంపాదన 2,300. పక్కింట్లో బీడీలు చేసే పెద్దమ్మది, నాది ఇంచుమించు ఒకటే. తప్పులకి కోత వేరే. ఫిఫ్టీన్ మిల్లీగ్రాములని ఫిఫ్టీ అని కొట్టాను ఒకసారి, ఆ ఫైలు మొత్తానికి పైసలు ఇవ్వలేదు. అప్పుడు ఏడ్చాను గానీ ఇప్పుడు వాళ్లను తప్పు పట్టను, అది ఒకరి మందు. ఇలియం అన్న మాట ఒక స్పెల్లింగులో తుంటి ఎముక, ఒక్క అక్షరం మారితే చిన్నపేగు చివరి భాగం. వినపడకపోతే ఊహించి రాయకూడదు, ఖాళీ వదిలేయాలి. ఇక్కడ నీ జువాలజీ అక్కరకొస్తుంది. అన్నట్టు, నాకు అందరికంటే సులువుగా అర్థమైన డాక్టరు మన తెలుగాయనే!

ఇదంతా పాత ముచ్చట. ఇప్పుడు చాలాచోట్ల డాక్టరు మాటను కంప్యూటరే అక్షరాలుగా మారుస్తుంది, మనం విని దిద్దాలి. దిద్దుడుకి రేటు దాదాపు సగం. డాక్టరూ పేషెంటూ మాట్లాడుకుంటుంటే విని, నోట్సు తానే తయారుచేసే సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. ఇంకో పదేళ్లు ఇదే కూడు పెడుతుందని నేనైతే చెప్పను. నీ చదువుకి మెడికల్ కోడింగ్ దగ్గరగా ఉంటుంది, అంటే రికార్డు చదివి జబ్బుకి, చికిత్సకి బిల్లు కోసం కోడ్లు వేసే పని. దాని సర్టిఫికెట్ కోసం రాసే సీపీసీ పరీక్ష గురించి కనుక్కో. కాకపోతే కొత్తవాళ్లకి మొదటి రోజు నుంచే ఇంటి దగ్గర పని ఇవ్వడం అరుదు, హైదరాబాద్ పోవాల్సి రావచ్చు.

అయినా ఇదే నేర్చుకుంటానంటే, నిరుడు అక్కడ నేర్చుకున్న ముగ్గురి నంబర్లు అడుగు. వాళ్ల ఇంటికి పో. బ్యాంకులో పడ్డ పైసలు చూపించమను. నంబర్లు ఇవ్వడానికి నసిగితే బస్సెక్కి వచ్చేయి. పని ఇచ్చేటప్పుడు డిపాజిట్ అడిగేవాళ్ల జోలికి అసలే పోకు.

పాప సంగతి. మూడేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని నాలుగు గంటలు ఎట్లా కూర్చుంటావు? మా అత్తమ్మ బాబును ఎత్తుకుని ఫాతిమానగర్ దాకా తిప్పుకొచ్చేది. ఆ గంటన్నరే నాది, మిగతాదంతా వాడు నిద్రపోయాకే. నీకు అట్లా ఎత్తుకునేవాళ్లు ఎవరున్నారో రాయలేదు. పేషెంట్ల వివరాలు ఉండే కంప్యూటరు కాబట్టి, దాంట్లో పాపకి బొమ్మల వీడియోలు పెట్టడం కూడా కుదరదు.