మందిరం ముందా, ఇల్లు ముందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. సంఘాల యువజనులు సెలవుల్లో జట్టుగా మరో ఊరు వెళ్లి, అక్కడి ఇళ్లను, ప్రార్థన మందిరాలను బాగుచేసి వచ్చే సేవాయాత్రల గురించి పాఠకులు అడిగారు. ముప్పై ఆరేళ్లు కట్టడాల పనుల్లో గడిపినవాణ్ని కనుక వాక్యంతో పాటు ఇటుక, ఇసుక, సిమెంటు సంగతులు కూడా కలిపి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా సంఘ యువజనులం ఇరవై ఇద్దరం ఈ వేసవిలో సముద్రతీరంలోని ఒక గ్రామంలో నాలుగు రోజులు ఉండి, గాలివానకు దెబ్బతిన్న ప్రార్థన మందిరాన్ని, మరికొన్ని ఇళ్లను బాగుచేయాలని నిర్ణయించుకున్నాం. మా సంఘ పెద్దలు బైబిల్లోని హగ్గయి గ్రంథం చూపించి మందిరం పని ముందు చేయాలంటున్నారు. అక్కడి పాస్టరుగారు మాత్రం ఇళ్లు ముందు చూడమంటున్నారు. ఎవరి మాట వినాలి?
– యువజన కార్యదర్శి, గుంటూరు

జవాబు: అక్కడి పాస్టరుగారి మాటే వినండి తమ్ముడూ. ఆ ఊళ్లో ఏ ఇంటి కప్పు కురుస్తుందో, ఏ తల్లి వాన పడిన రాత్రి పిల్లల్ని ఒళ్లో పెట్టుకొని మేలుకొని కూర్చుంటుందో ఆయనకు తెలిసినట్టు మనకు తెలియదు. మీ పెద్దలు చూపిన వాక్యాన్ని నేను కాదనను. అయితే ఆ ప్రవక్త ఎవరిని గద్దించాడో కూడా చూడాలి. దేవుని మందిరం పాడుబడి ఉండగా తాము మాత్రం సరంబీ (చెక్కపలకల తొడుగు) వేసిన ఇళ్లలో నిశ్చింతగా ఉన్నవారిని ఆయన గద్దించాడు. ఇంటి మీద రేకు నిలవని విధవరాలికి ఆ గద్దింపు ఎలా తగులుతుంది? తగిలితే స్లాబు ఇళ్లలో పడుకుంటున్న మనకే తగలాలి. కనుక మందిరానికి అయ్యే ఖర్చును మీ సంఘం కానుకల నుంచి భరించి, పిల్లల చేతులను ఇళ్లకు ఇవ్వండి. అప్పుడు పెద్దల మాటా నిలుస్తుంది, పాస్టరుగారి మాటా నిలుస్తుంది.

నేను ఈ సంగతి నేర్చుకున్నది దివిసీమలో. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో వేలమంది ప్రాణాలు తీసుకుపోయినప్పుడు నేను కళాశాల విద్యార్థిని. డిసెంబరులో పదిహేను మందిమి సాయానికి వెళ్లాం. క్రిస్మసు దగ్గర పడుతున్నది కదా అని రెండు రోజులు చిన్న గుడికి సున్నం వేశాం. మూడో రోజు ఉదయం ఒక వృద్ధురాలు వచ్చి తెల్లగా మెరుస్తున్న ఆ గోడను చేత్తో తడిమి చూసి, "గుడి బాగుంది నాయనా, రాత్రి మంచు పడకుండా తలమీదికి నాలుగు తాటాకులు కావాలి" అన్నది. మేము బస్తాల కొద్దీ సున్నం మోసుకువెళ్లామే తప్ప ఒక్క తాటాకు మోపు తీసుకువెళ్లలేదు. ఆమెను ముందే అడిగి ఉంటే ఆ రెండు రోజుల్లో నాలుగు పాకలు లేచేవి. ఇన్నేళ్లయినా ఆ మాట నాకు గుర్తుకు రాని డిసెంబరు లేదు.

అయితే ఒక మినహాయింపు ఉంది. తీరప్రాంతపు చిన్న ఊళ్లలో తుపాను రాత్రి జనం తలదాచుకునేది బడిలోనో, పక్కా మందిరంలోనో. మీరు వెళ్లే ఊళ్లో మందిరమే గట్టి కట్టడమైతే దాని తలుపులు, కిటికీల రెక్కలు, గడియలు సరిచేయడం ఇళ్ల పనితో సమానమే. రంగులు, మైకుసెట్టు, వేదిక మీది టైల్సు మాత్రం ఆగవచ్చు.

ప్రశ్న: మేము చదువుకుంటున్న పిల్లలం, మాలో ఎవరికీ కట్టుబడి పని రాదు. నాలుగైదు రోజుల్లో మావంటివాళ్లం నిజంగా పనికొచ్చేది ఏమైనా చేయగలమా? ప్రమాదం లేని పనులేవి?
– ఇంజనీరింగు విద్యార్థిని, భీమవరం

జవాబు: చేయగలరు, కాని మేస్త్రీలుగా కాదు, మేస్త్రీకి సహాయకులుగా. వెళ్లిన ఊళ్లోనే ఒక తాపీమేస్త్రిని, ఒక వడ్రంగిని కూలికి మాట్లాడుకోండి. గాలివాన తరువాత వారి ఇళ్లూ దెబ్బతిని, వారికీ కూలి అవసరమై ఉంటుంది. మనం ఉచితంగా వచ్చి వారి పని లాక్కున్నట్టు కాకుండా, వారి కింద మనం ఇటుకలు అందించి, ఇసుక జల్లించి, మాలు (సిమెంటు, ఇసుక, నీళ్ల ముద్ద) కలిపితే వారంలో కావలసిన పని మూడు రోజుల్లో అవుతుంది. ఇంటివాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టవద్దు. నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయంలో యెరూషలేము ప్రాకారం కట్టినవారి పేర్లు చదివితే, వారిలో పలువురు తమ తమ ఇళ్లకు ఎదురుగా ఉన్న భాగాన్ని తామే బాగుచేసినట్టు కనిపిస్తుంది. 52 దినాల్లో ఆ గోడ పూర్తికావడానికి అదొక కారణమని నా నమ్మకం.

గాలికి ఇంటి కప్పు ఎలా పోతుందో ముందు తెలుసుకోండి. గాలి కప్పును పైనుంచి నొక్కి పడగొడుతుందని అందరూ అనుకుంటారు కాని, నిజానికి ఎక్కువసార్లు అది రేకును పైకి పీకుతుంది. ఆ లాగుడు చూరు అంచుల దగ్గర, మూలల్లో, నడికప్పు (రెండు వాలులు కలిసే చోటు) దగ్గర అన్నిటికంటే ఎక్కువ. అందువల్ల అక్కడ రేకును దూలానికి పట్టి ఉంచే హుక్కులు దగ్గరదగ్గరగా పడాలి. రేకు అలలో ఎత్తుగా ఉన్న చోట రంధ్రం వేయాలి; పల్లంలో వేస్తే వాన నీళ్లన్నీ ఆ రంధ్రం గుండానే ఇంట్లోకి దిగుతాయి. హుక్కు మర కింద తారు వాషరు తప్పనిసరి. సిమెంటు రేకైతే మరను బలం కొద్దీ బిగించకూడదు, పగులు వస్తుంది. వాలు వెంట పై రేకు కింది రేకు మీదికి కనీసం ఆరంగుళాలు రావాలి. ఇవన్నీ చిన్న విషయాలే. కాని 2014 అక్టోబరు 12న విశాఖ మీదికి హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చినప్పుడు నేను చూసిన ఇళ్లలో, పక్కపక్కనే ఉన్న రెండింటిలో ఒకటి కప్పుతో నిలిచి మరొకటి బోసిగా మిగలడానికి తేడా చాలాచోట్ల ఈ హుక్కుల దగ్గరే కనిపించింది.

సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. పాత రేకులను పగలగొట్టినా, పొడిగా కోసినా లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చాలా హాని చేస్తుంది. నీళ్లు చల్లి, మూతికి మంచి మాస్కు కట్టుకొని, ముక్కలు చేయకుండా రేకును రేకుగానే దించాలి. రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు, అది ఒక్కసారిగా విరుగుతుంది. దూలాల మీద ఆనేలా పలక వేసి దాని మీదే నడవాలి. నేలతల్లిని నమ్ముకున్న పనులు, అంటే మాలు కలపడం, గోడలు గీకడం, కిటికీ రెక్కలకు రంగు వేయడం వంటివి మీకు. కప్పు మీది పని ఆ పని తెలిసినవాళ్లకు. కొత్త ఇల్లు కట్టినవాడు మీదినుంచి ఎవరూ పడకుండా కప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో దేవుడే ఆజ్ఞ ఇచ్చాడు. ప్రార్థన చేసుకొని ఎక్కాం కదా అని తాడు లేకుండా నిచ్చెనెక్కేవారికి ఆ వచనం చదివి వినిపించండి.

ఉప్పునీరు నిలిచిన ఇళ్లకు మరో చిక్కు ఉంది. అడుగు గోడలు ఉప్పు పీల్చి ఉంటాయి. వాటి మీద వెంటనే పూత పూస్తే కొన్ని నెలల్లో తెల్లగా పొడి రాలుతూ ఊడిపోతుంది. పాత పూత గీకి, మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చాకే మేస్త్రి పని మొదలుపెట్టాలి. సముద్రపు ఇసుక, ఉప్పునీరు మాలులో వాడవద్దు.

నాలుగు రోజుల యాత్రలో అందరూ మరిచిపోయే పని ఒకటుంది. పూత పూశాక కనీసం ఏడు రోజులు దాన్ని తడపాలి. మీరు నాలుగో రోజు సాయంత్రం పాటలు పాడుకుంటూ బస్సెక్కితే, ఆరో రోజు మధ్యాహ్నపు ఎండకు మీ గోడ జుట్టంత సన్నని బీటలు వేస్తుంది. కనుక పూత పనిని మొదటి రోజే ముగించండి. ఇంటివాళ్లకు ఒక బిందె, రెండు గోనె సంచులు ఇచ్చి, గోడకు ఎలా తడి పట్టించాలో చూపించి రండి. బోరు దూరంగా ఉంటే నీళ్లు మోసే మనిషికి వారం కూలి ముందే ఇచ్చి రండి.

ప్రశ్న: మేము నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి పదహారేళ్లు. వాళ్ల చర్చి యువజనులు వేసవిలో ఒక వారం తూర్పు టెనెస్సీకి వెళ్లి పేదవారి ఇళ్లు బాగుచేస్తారట. నాకు భయంగా ఉంది. ఆ ఖర్చుతో అక్కడి వడ్రంగికే పని ఇవ్వవచ్చు కదా అని మావారు అంటున్నారు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, అక్కడ ఇది పాత సంప్రదాయమే. అపలేచియన్ కొండ ప్రాంతంలోని పేద కుటుంబాల ఇళ్లను సంఘాల యువజనుల చేత బాగుచేయించే పనిని మెథడిస్టు బోధకుడు టెక్స్ ఎవాన్స్ 1969లో కెంటకీలో యాభై మందితో, నాలుగు ఇళ్లతో మొదలుపెట్టారు. అపలేచియా సర్వీస్ ప్రాజెక్టు పేరుతో అది ఇప్పటికీ నడుస్తున్నది. ఇల్లు అందంగా కనిపించడం కన్నా వెచ్చగా, క్షేమంగా, తడి లేకుండా ఉండడం వారి లక్ష్యం. 2024 సెప్టెంబరు చివర హెలీన్ తుపాను వరదలు మీ రాష్ట్రపు పడమటి కొండలను, తూర్పు టెనెస్సీని ముంచాక అక్కడ ఆ అవసరం మరింత పెరిగింది.

మీ భయం న్యాయమైనదే. సంఘ నాయకులను మూడు విషయాలు అడగండి. జీతానికి పనిచేసే 18 ఏళ్ల లోపువారిని కప్పు పనుల్లో పెట్టకూడదని అక్కడి కార్మిక చట్టం చెబుతుంది. సేవకు వచ్చిన పిల్లలకూ అదే నియమం పాటిస్తారా? 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం కలిసిన రంగు ఉండవచ్చు. దాన్ని గీకే పని ఎవరిది, ముందు పరీక్ష చేయిస్తారా? ఎంతమంది పిల్లలకు పని తెలిసిన పెద్దవారు ఒకరుంటారు? స్పష్టమైన జవాబులు వస్తే నిశ్చింతగా పంపండి. దాటవేస్తే పంపవద్దు.

మీవారి ప్రశ్న గట్టిది. ఒక గోడకు రంగు వేయడానికి సముద్రాలు దాటి విమానాల్లో వెళ్లే యాత్రలైతే నేనూ ఆయన పక్షమే, ఆ డబ్బు పంపడమే మేలు. మీ అమ్మాయి వెళ్లేది కారులో కొన్ని గంటల దూరం, పొరుగు రాష్ట్రం. అక్కడ కూలి ఖర్చు చాలా ఎక్కువ కనుక పిల్లల శ్రమ నిజంగా లెక్కకు వస్తుంది. కుదిరితే మీరు కొంత కలప ఖర్చు కూడా పంపండి.

ప్రశ్న: ఇళ్లు బాగుచేస్తూ సువార్త చెప్పవచ్చా? ఫొటోలు తీసి దాతలకు పంపవచ్చా?
– యువజన నాయకుడు, ఖమ్మం

జవాబు: ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ చేసిన పని చెబుతాను. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే పని ఒప్పందం తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవారు ఎందరో. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ సాయం నడిచినన్నాళ్లూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ముగిశాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చేతిలో రేకు పట్టుకొని విశ్వాసం అడిగితే, ఎదుటి మనిషికి కాదనే స్వేచ్ఛ ఉండదు. మీ విశ్వాసం గురించి ఎవరైనా అడిగితే చెప్పండి. అడగకపోతే మేస్త్రికి ఇటుక అందించండి. ఏ ఇల్లు బాగుచేయాలో ఎంచుకునేటప్పుడు వారు ఏ మతం వారని అడగవద్దు.

ఫొటో విషయంలో దాతలకు లెక్క చూపడం మీ బాధ్యత. బిగించిన హుక్కులు, కొత్త చూరు, సామాను కొన్న బిల్లులు చూపించండి. కూలిన ఇంటి ముందు తల వంచుకు నిలబడిన మనిషి ముఖం వద్దు. ఇంటివాళ్లే పిలిచి, బాగైన గడప మీద అందరూ కలిసి నిలబడి దిగుదామంటే దిగండి, ఒక ప్రతిని వారికీ పంపండి.