కిడ్నీ బాగానే ఉంది.. రక్తంలో యాంటీబాడీలు కనిపించాయి!

ప్రశ్న: మావారి వయసు 38. మా అత్తగారు ఇచ్చిన కిడ్నీ పెట్టి 14 నెలలైంది. క్రియాటినిన్ 1.2 దగ్గర నిలకడగా ఉంది. ఈమధ్య రక్తపరీక్షలో డీఎస్ఏ పాజిటివ్, డీక్యూ మీద ఎంఎఫ్ఐ 3,200 అని వచ్చింది. దాత డీఎన్ఏ పరీక్ష కూడా చేయించమంటున్నారు. కన్నతల్లి కిడ్నీకి కూడా ఇలా అవుతుందా? కిడ్నీ పోతుందా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కిడ్నీ పోతుందని ఈ రిపోర్టు చెప్పడం లేదు. అలాగని కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ బాగుంది కదా అని వదిలేయడానికీ లేదు. యాంటీబాడీలు కనిపించాక క్రియాటినిన్ పెరగడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టవచ్చు.

డీఎస్ఏ అంటే దాత కణాల మీద ఉండే హెచ్ఎల్ఏ గుర్తులపై మీవారి ఒంట్లో తయారైన యాంటీబాడీలు. బిడ్డకు ఈ గుర్తులు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. అంటే మీ అత్తగారి గుర్తుల్లో సగం మీవారి ఒంటికి పరాయివే. మార్పిడి తర్వాత కొత్తగా పుట్టే యాంటీబాడీల్లో, ఈ గుర్తుల్లో ఒక రకమైన డీక్యూ మీద వచ్చేవే ఎక్కువ.

ఇది కొత్తదా, పాతదా అన్నది ముందు తేలాలి. ఆపరేషన్‌కు ముందు చేసిన సింగిల్ యాంటిజెన్ బీడ్ (ఒక్కో హెచ్ఎల్ఏ గుర్తు అంటించిన సన్నటి పూసలతో యాంటీబాడీలను వెతికే పరీక్ష) రిపోర్టు ఉంటే తీయించండి. సీడీసీ క్రాస్‌మ్యాచ్ (దాత కణాలను మీవారి సీరమ్‌తో, అంటే రక్తంలోని ద్రవంతో కలిపి చూసే పరీక్ష) నెగెటివ్ అన్న కాగితం చాలదు, తక్కువ స్థాయి యాంటీబాడీలు దానికి దొరకవు. గతంలో రక్తం ఎక్కించుకుని ఉంటే పాతవి ఉండే వీలుంది. (ఆడవాళ్లలో గర్భం వల్ల కూడా వస్తాయి. భర్త కిడ్నీ భార్యకు పెట్టేటప్పుడు ఈ పరీక్ష మరీ ముఖ్యం.)

3,200 అంకెను షుగర్ రీడింగులా చూడకండి. ఎంఎఫ్ఐ అనేది ఆ పరీక్షలో పూస మీద కనిపించే మెరుపు తీవ్రత, యాంటీబాడీ పరిమాణం కాదు. ల్యాబును బట్టి మారుతుంది. యాంటీబాడీ మరీ ఎక్కువున్నా కొన్నిసార్లు అంకె తక్కువే చూపిస్తుంది, అప్పుడు సీరమ్‌ను పలుచన చేసి మళ్లీ చూడాలి. కాబట్టి నెల, రెండు నెలల్లో అదే ల్యాబులో మళ్లీ చేయించి, పెరుగుతోందా తగ్గుతోందా చూడాలి.

ఇక అసలు సంగతి మందులు. కొత్త డీఎస్ఏ వెనక ఎక్కువసార్లు ఉండేది తప్పిన డోసులు, రక్తంలో పడిపోయిన ట్యాక్రోలిమస్ (కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా వేసుకునే మందు) లెవెల్. రోజుకు రెండుసార్లు వేసుకునే మాత్రైతే, రాత్రి డోసు వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మాత్ర మింగి ల్యాబుకు వెళితే లెవెల్ బాగున్నట్టు కనిపించి మోసం చేస్తుంది. ఈ దశలో మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల కంటే తగ్గకుండా చూస్తాం. ఒక్క రిపోర్టు కాదు, గత ఆరు నెలల అంకెలన్నీ వరసగా రాసి డాక్టరుకు చూపించండి. ఒకసారి 4, ఒకసారి 11 అన్నట్టు ఊగిసలాడటం కూడా హానికరమే. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటోయిన్ లెవెల్‌ను బాగా తగ్గిస్తాయి. ఫ్లూకొనజోల్, క్లారిత్రోమైసిన్, పంపరపనస పెంచుతాయి. విరేచనాలైనా లెవెల్ పెరగవచ్చు. దుకాణంలో వేరే కంపెనీ మాత్ర ఇస్తే డాక్టరుకు చెప్పి, వారంలో లెవెల్ చూపించుకోండి.

దాత డీఎన్ఏ పరీక్షలో, రక్తంలో తేలే డీఎన్ఏలో దాత కిడ్నీ కణాల వాటా ఎంతో చూస్తారు. 1 శాతం దాటితే కిడ్నీకి దెబ్బ తగులుతోందని అనుమానించాలి. యాంటీబాడీల వల్ల వచ్చే రిజెక్షన్‌ను (కిడ్నీని ఒళ్లు తిరస్కరించడాన్ని) ఇది బాగా పట్టిస్తుంది, టీ కణాల (ఒక రకం తెల్ల రక్తకణాల) వల్ల వచ్చే తేలికపాటి రిజెక్షన్‌ను వదిలేయవచ్చు. బీకే వైరస్ కిడ్నీని దెబ్బతీసినా ఈ శాతం పెరగవచ్చు. బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) చేసిన వెంటనే చేయిస్తే తప్పుగా ఎక్కువ వస్తుంది. ఖరీదైన పరీక్ష. డబ్బు ఇబ్బందైతే ముందు ట్యాక్రోలిమస్ లెవెల్, మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి, బీకే వైరస్ పీసీఆర్ చేయించండి. నా ఉద్దేశంలో వాటి తర్వాతే ఇది.

డీఎస్ఏ కొత్తదని తేలితే, క్రియాటినిన్ బాగున్నా బయాప్సీ గురించి డాక్టరుతో మాట్లాడాలి. యాంటీబాడీలు రక్తంలో ఉండటం వేరు, కిడ్నీ లోపలి సన్నటి రక్తనాళాలను దెబ్బతీయడం వేరు. ఆ తేడా కచ్చితంగా తేల్చేది బయాప్సీయే. దెబ్బ లేకపోతే ట్యాక్రోలిమస్ సరిచేసి, స్టిరాయిడ్ ఆపేసి ఉంటే చిన్న మోతాదులో మళ్లీ మొదలుపెట్టి, కొన్నాళ్లు దగ్గరగా గమనిస్తారు. అప్పుడే మొదలైన రిజెక్షన్ కనిపిస్తే ప్లాస్మా మార్పిడి, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు) లాంటి చికిత్సలు ఉంటాయి. పాతబడిన దెబ్బకు నమ్మకమైన మందు ఇప్పటికీ లేదు. అందుకే క్రియాటినిన్ పెరిగేదాకా ఆగకుండా ఈ నెలలోనే కలవండి.