చూపు మీద రీసెర్చ్ చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. బీఎస్సీ అయిపోయింది. మెదడు ఎలా చూస్తుందన్న దాని మీద రీసెర్చ్ చేయాలనుంది. ఇంట్లో బీఎడ్ చేయమంటున్నారు. ఈ లైన్‌లో భవిష్యత్తు ఉంటుందా?

ఉంటుంది. జీతం సంగతి కింద చెప్తాను. ముందు ఈ సబ్జెక్టు మీకు పడుతుందో లేదో తేల్చుకోండి. దానికి యూట్యూబ్ లెక్చర్ల కన్నా పక్షవాతం వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో ఒక పూట కూర్చోవడం మేలని నా గట్టి అభిప్రాయం.

మాది దేవరకొండ దగ్గర ఊరు. నేను ఎమ్మెస్సీలో ఉండగా తాతకు మెదడులో కుడివైపు దెబ్బ తగిలి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట బాగానే ఉంది, తిట్లు అంతకన్నా బాగున్నాయి. ఇంటికి తెచ్చినప్పటి నుంచి అన్నం దగ్గర రోజూ పంచాయితీనే. కంచంలో కుడి పక్కనున్నదంతా ఊడ్చుకుని తిని, "ఏందే, గింతేనా పెట్టేది? పప్పు ఎయ్యలేదేంది?" అని నాయనమ్మ మీద కేకలు. పప్పు ఎడమ పక్కన అట్లాగే ఉంది. గడ్డం కూడా కుడి చెంపే గీసుకునేవాడు. టౌన్‌లో అద్దాల షాపాయన చూపు తగ్గిందని చెప్పి కొత్త అద్దాలు అంటగట్టాడు. దవాఖానవాళ్లిచ్చిన డిశ్చార్జ్ కాగితంలో బీపీ మాత్రలున్నాయి, ఫిజియోథెరపీ ఉంది, ఈ ముక్క మాత్రం లేదు. అంత బిల్లు తీసుకున్నోళ్లకు ఇంట్లోవాళ్లతో ఒక్క మాట చెప్పడానికి ఏం పోయింది?

నాయనమ్మే ఉపాయం కనిపెట్టింది. ఏమీ మాట్లాడకుండా కంచాన్ని సగం చుట్టు తిప్పేది. ఎడమ పక్కనున్న పప్పు కుడివైపుకొచ్చేది. "ఇప్పుడేసినవా?" అని తాత మళ్లీ మొదలుపెట్టేవాడు.

దీన్ని నెగ్లెక్ట్ అంటారు. కళ్లు పనిచేస్తూనే ఉంటాయి, ఎడమవైపు అనేదొకటి ఉందన్న ధ్యాసే మనిషికి ఉండదు. ఎక్కువగా కుడి మెదడు దెబ్బతిన్నవాళ్లలో వస్తుంది. 1978లో బిసియాక్, లుజాటి అనే ఇద్దరు ఇటలీవాళ్లు ఇలాంటి పేషెంట్లను మిలాన్‌లో పెద్ద చర్చి ముందున్న చౌరస్తాను ఊహించుకుని వర్ణించమన్నారు. చర్చికి ఎదురుగా నిలబడ్డట్టు ఊహించుకున్నప్పుడు కుడివైపు భవనాలే ఎక్కువగా చెప్పారు. చర్చి మెట్ల మీద నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించుకోమంటే, అంతకుముందు వదిలేసినవి బయటికొచ్చాయి.

ఇది చదివిన వారమే ఊరికెళ్లాను. "తాతా, బొడ్రాయి కాడ నిలబడి చెరువు దిక్కు చూస్తున్నవనుకో. ఎవరెవరి ఇండ్లు కనపడుతున్నయ్?" అన్నాను. కిరాణం, సాలోళ్ల ఇల్లు, అంగన్‌వాడీ వరసగా చెప్పాడు. అన్నీ కుడివైపువే. ఎడమవైపున్న సొంత తమ్ముడి ఇల్లు చెప్పలేదు. వాళ్లకూ వీళ్లకూ గెట్టు తగాదా ఉంది కాబట్టి కావాలనే వదిలేశాడేమో అనుకున్నా. "సరే, ఇప్పుడు చెరువు కట్ట మీద నుంచి బొడ్రాయి దిక్కు చూడు" అన్నాను. మొట్టమొదట తమ్ముడి ఇల్లే వచ్చింది, తర్వాత రేషన్ దుకాణం. కిరాణం గల్లంతు! రోజూ బీడీలు కొనే కిరాణం! పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న నాయనమ్మ "ఈయనకు మతి తప్పింది" అంది. మతి ఏం తప్పలేదు. ఊరంతా తలలోనే ఉంది, ఎటు నిలబడితే అటు సగం మాయమవుతోంది, అంతే. కన్ను ఫొటో తీస్తుంది, మెదడు ఆ ఫొటో చూస్తుంది అనే ఇంటర్ పుస్తకం కథ నాకు ఆ పూటతో చెల్లిపోయింది. నన్నడిగితే దీనికి ఇంకో రుజువు అక్కర్లేదు.

ఆ తర్వాతే పీహెచ్‌డీ. ఇప్పుడు నా పనంతా మనుషులను స్క్రీన్ ముందు కూర్చోబెట్టి, కళ్లు ఎటు పోతున్నాయో ఐ ట్రాకర్‌తో కొలవడం. మీకు ఇంట్లో ఎవరైనా "నోబెల్ వచ్చేదా ఏమన్నానా" అంటే, పిల్లి మెదడులో ఏ కణం ఎలాంటి గీతకు స్పందిస్తుందో చూసిన హ్యూబెల్, వీజెల్‌లకు 1981లో వచ్చిందని చెప్పండి. మిగతా ఏళ్ల సంగతి అడగనివ్వకండి.

ఇక మీ ప్రశ్న. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బెంగళూరు ఐఐఎస్సీ, హర్యానాలో మానేసర్‌లోని ఎన్‌బీఆర్‌సీ (నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్) చూడండి. బయాలజీనే చదివి ఉండాలని లేదు, ఫిజిక్స్‌వాళ్లు, సైకాలజీవాళ్లు కూడా వస్తారు. కోడింగ్ రాకపోతే మాత్రం కష్టం, పైథాన్ ఈ ఎండాకాలమే మొదలుపెట్టండి. జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరు. చేతికొచ్చేది మాత్రం నెలనెలా అనుకోకండి, ఒక్కోసారి మూడు నెలలది ఒకేసారి పడుతుంది. అందుకని అద్దె ఆలస్యమైనా నోరు చేసుకోని ఓనర్ ఉన్న గది వెతుక్కోండి. బీఎడ్ నోటిఫికేషన్ ఏటా వస్తూనే ఉంటుంది, అదెక్కడికీ పోదు.